తలుపు మూయుట పొదుపగునా?



రాబడి తగ్గినప్పుడు వ్యయము తగ్గించుకొనుట గృహస్థునకెట్లో సంఘమునకును అట్లే ధర్మము. ఈ మాటను కాదనువారెవ్వరును లేరు. కాని ఏ వ్యయమును తగ్గింపవలెను, ఎట్లు తగ్గింపవలెను అనుచోటనే వివేకమునకును తొందరపాటునకును గల భేదము బయటపడును. వానలు తప్పి, బాకీలు వసూలుగాక, రావలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడెల్లను ప్రజా కార్యాలయములలోను, సహకార సంఘములలోను ఒక సూచన తలయెత్తుచుండును. "వారమునకొక దినము కార్యాలయమును మూసివేయుదము. ఉద్యోగుల జీతమందు ఆ మేరకు తగ్గింతము. దీపము, పంకా, కాగితము, పెట్రోలు ఖర్చు మిగులును" అని చెప్పుదురు. వినుట కిది సులభముగానున్నది. చేయుట యింకను సులభము. తాళము వేసిన చాలును. ఇంత సులభమైనది గనుకనే దీనిని మరింత జాగ్రత్తగా విచారింపవలసియున్నది.

నా అభిప్రాయమును మొదటనే మనవి చేసెదను. కోత తప్పనిసరియైనచో అది పనివారి దినములమీద పడవచ్చును గాని తలుపుమీద పడరాదు. ఈ రెండును ఒకటే యని తలచుటవలననే చిక్కంతయు కలుగుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట నేను వేరొకచోట పనిచేయుచుండగా జరిగిన సంగతి నొకదానిని చెప్పెదను. మృగశిర కార్తెలో తొలివాన మంచిగా కురిసినది. చెలకలో పదను నిలిచినది. ఒక కంది రైతు విత్తనపు చీటీపై సంతకము కొరకు పది కిలోమీటర్ల దూరమునుండి వచ్చెను. తలుపునకు తాళమున్నది. "నేడు సెలవు" అని సుద్దముక్కతో వ్రాసియున్నది. ఆ వ్రాత ముందునాటి సాయంకాలము వ్రాసినది. ఆ రైతు గ్రామమున దానినెవ్వరును ఎరుగరు. మరునాడు అతడు మరల వచ్చెను. సంతకము చేయువాడు ఉండెను గాని విత్తనపు గది తాళపుచెవి గలవాడు తన వంతు సెలవులో నుండెను. మూడవనాడు విత్తనము చేతికి వచ్చినది. పదను మాత్రము పోయినది. మరల వాన పడుటకు పండ్రెండు దినములు పట్టెను. ఆ మొదటిదినమున కార్యాలయము మిగిల్చిన దేమి? రెండు దీపముల విద్యుత్తు. ఆ రైతు పోగొట్టుకొన్న దేమి? పండ్రెండు దినముల పైరు. నేనును ఆ కార్యాలయపు వాడనే గనుక ఆ తప్పులో నాకును భాగము కలదు. నేటి యీ వ్యాసమునకు ఆ రైతు ముఖమే కారణము.

కార్యాలయమున శుక్రవారపు పని శనివారము చేసిన నష్టము లేదని తోచును. కాగితమునకు అదను లేదు. సేద్యమునకు కలదు. పత్తి సంగతి చూడుడు. భారత పత్తి సంస్థవారు మద్దతు ధరకు కొనునప్పుడు తేమ 8 శాతము దాటినకొలది ధర తగ్గింతురు. 12 శాతము దాటినచో కొనరు. బండి నింపుకొని వచ్చిన రైతును తలుపుమూసి ఒకరాత్రి నిలిపినచో చలికాలపు మంచు ఆ పత్తిమీదనే పడును. ఎరువు సంగతి చూడుడు. 2025వ సంవత్సరపు వానాకాలమున యూరియా కొరకు మన రాష్ట్రమున అనేకచోట్ల సహకార సంఘముల ముందు రైతులు తెల్లవారకమునుపే వరుసలు కట్టిరి. అట్టి వారములో ఒకదినము తలుపు మూసినచో మరునాటి వరుస రెండింతలగును. పంటనష్టపు సంగతి చూడుడు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున వడగండ్లు మొదలగువానివలని నష్టమును 72 గంటలలోపల తెలుపవలెనను నియమము కలదు. మన రాష్ట్రము 2020లో ఆ పథకమునుండి వైదొలగువరకు మన రైతులును ఆ నియమమునకు లోబడినవారే. శుక్రవారము మూసి, రెండవ శనివారము సెలవై, ఆదివారము వచ్చినచో 72 గంటలును అంతటితో సరి. ఫోనులో తెలుపు వీలున్నను, కాగితము చేతబట్టుకొని మనుష్యుని ముఖము చూచి చెప్పుకొనదలచు రైతే మనలో ఎక్కువ.

దూరము మాటయు మరువరాదు. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము పూడూరు రైతునకు జిల్లా కచ్చేరి హైదరాబాదులో నుండెను. వికారాబాదు జిల్లా ఏర్పడినప్పటినుండి అది దగ్గరకు వచ్చినది. మన్నెగూడ కూడలిలో బస్సెక్కిన మనుష్యుడు వికారాబాదు పోయి పని చూచుకొని పొద్దుండగనే యిల్లు చేరుకొనగలడు. ఇంత కష్టపడి దగ్గరకు తెచ్చుకొన్న కార్యాలయమునకు తాళము వేసినచో ఆ దూరము మరల పెరిగినట్లే యగును.

ఇక మిగులు మాట. లెక్క కొరకు కొన్ని అంకెలు అనుకొందము. ఒక సంఘమునకు నెలకు విద్యుత్తు ఖర్చు 3,000 రూపాయలు, పనిదినములు 26. దినమునకు సుమారు 115 రూపాయలు. నాలుగు దినములు మూసినచో మిగులునది 460 రూపాయలు. ఆ దినములలో ఒక్కొక్కనాడు పదిమంది రైతులు వచ్చి తిరిగిపోయిరనుకొందము. బస్సు ఖర్చును, చెడిన పూట కూలియు కలిపి ఒక్కొక్కనికి 300 రూపాయల నష్టమనిన అది ఎక్కువ కాదు. దినమునకు 3,000, నెలకు 12,000. సంఘము సభ్యులదే గదా! సంఘపు పెట్టెలో 460 వేయుటకై సభ్యుల జేబులలోనుండి 12,000 తీయుట పొదుపనిపించుకొనునా? కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లున్నది. పెద్ద మిగులు జీతములలోనే కలదు గాని దీపములలో లేదు. జీతముల సంగతికి క్రింద వచ్చెదను.

ఇది కేవలము నా ఊహ కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున 2008 ఆగష్టునుండి ప్రభుత్వ కార్యాలయములలో పెక్కింటిని శుక్రవారము మూసివేసిరి. ఉద్యోగులు సోమవారము మొదలు గురువారము వరకు ఉదయము 7 గంటలనుండి సాయంకాలము 6 గంటల వరకు పనిచేసిరి. పనిగంటలు తగ్గలేదు, భవనముల ఖర్చు తగ్గునని వారి ఆశ. మిగిలినది ఆశించినదానికంటె చాల తక్కువ. శుక్రవారము పని దొరకలేదని ప్రజలు మొరపెట్టుకొనిరి. 2011లో ఆ పద్ధతిని ఎత్తివేసిరి. హవాయి రాష్ట్రమున 2009–10 విద్యాసంవత్సరమున ధనములేమిచేత 17 శుక్రవారములు పాఠశాలలను మూయ నిశ్చయించిరి; తల్లిదండ్రుల ఆగ్రహము చట్టసభ గడప వరకు వచ్చెను. కాలిఫోర్నియాలో 2009లో ఉద్యోగులకు నెలకు రెండు, తరువాత మూడు దినములు జీతములేని సెలవు విధించిరి. పన్నులు వసూలు చేయు శాఖవారికిని ఆ సెలవు తప్పలేదు. వసూలు చేయువానిని ఇంట కూర్చుండబెట్టి రాబడి లేదని విచారించుట ఎట్టిదో బాకీల వసూలు నెరిగిన మన సంఘములకు చెప్పనక్కరలేదు. అక్కడి చెరసాల కావలివారిని విడుచుటకు వీలులేక, వారి సెలవు దినములను ఖాతాలో జమకట్టుచు పోయిరి. తీరని సెలవు తీరని అప్పువంటిదే. అది ఏనాటికైనను తలుపు తట్టును.

మన పొరుగున శ్రీలంకలో 2022 జూనునెలలో పెట్రోలు దొరకక, ఆహారమునకు కరవు వచ్చి, ప్రభుత్వోద్యోగులకు మూడు మాసములపాటు శుక్రవారము సెలవు ఇచ్చుటకు మంత్రివర్గము నిశ్చయించినది. ఆ దినమున పెరళ్లలో పంటలు పండించుకొనుడని చెప్పిరి. ఆరోగ్యము, విద్యుత్తు, నీరు మొదలగు అత్యవసర శాఖలకు మాత్రము ఆ సెలవు వర్తింపదనిరి. ఇందు మనకు గ్రాహ్యమైనది ఈ చివరి మాటయే. ఏ పని ఆగరాదో ముందుగా నిర్ణయించి, తరువాత సెలవు మాట ఎత్తవలెను. రైతు సంఘమునకు విత్తనము, ఎరువు, పంట కొనుగోలు, నష్టపు దరఖాస్తు అను నాలుగును అట్టి ఆగరాని పనులు.

మన దేశమున జరిగినదియు చూతము. 2020 మార్చి 19వ తేదీన కరోనా కారణముగా కేంద్ర ప్రభుత్వమువారు తమ కార్యాలయములలో క్రింది తరగతుల ఉద్యోగులలో సగముమందిని వారము మార్చి వారము రప్పించి, వచ్చిన వారికిని మూడు విధముల వేళలు నిర్ణయించిరి. కొందరికి 9 నుండి 5:30 వరకు, కొందరికి 9:30 నుండి 6 వరకు, కొందరికి 10 నుండి 6:30 వరకు. కారణము రోగభయమే గాని ధనలోపము కాదు. అయినను మనుష్యులు తగ్గినను తలుపు తెరచియుండవచ్చునని అది నిరూపించినది. పైగా వేళలు మార్చుటచేత మొత్తముమీద కార్యాలయము దినమునకు ఒక గంట అధికముగా తెరచియున్నది.

ఇక మన సంఘములకు నేను సూచించు పద్ధతి యిది. ఒక సంఘమున కార్యదర్శి, లెక్కల గుమాస్తా, గిడ్డంగి గుమాస్తా, నౌకరు అను నలుగురున్నారనుకొందము. వారమునకు ఆరు దినములు. నలుగురికి కలిసి 24 పనిదినములు. వారమునకొక దినము తాళము వేసినచో నాలుగు పనిదినములు తగ్గి 20 మిగులును. తాళము వేయక, నలుగురికి నాలుగు వేరువేరు దినములలో ఒక్కొక్క సెలవు ఇచ్చినను తగ్గునవి ఆ నాలుగే. మిగులునవి ఆ 20 దినములే. జీతములో మిగులు ఒక్క పైసయు తేడా రాదు. తేడా యెక్కడనగా, మొదటి పద్ధతిలో రైతు తాళము చూచును. రెండవ పద్ధతిలో మనుష్యుని చూచును.

ఆ దినములను ఎట్లు పంచవలెను? అంగడినాడు ఎవ్వరికిని సెలవు ఉండరాదు. నాడు చుట్టుప్రక్కల గ్రామములన్నియు కదలి వచ్చును. మంగళవారమును ఎవ్వరికిని ఉండరాదు. 2024 మార్చినుండి రైతు వేదికలలో మంగళవారమునాడు రైతు నేస్తము కార్యక్రమము మొదలైనప్పటినుండి రైతులు ఆ దినమున కూడుటకు అలవాటుపడినారు. అంగడి గురువారమనుకొందము. మిగిలినవి సోమ, బుధ, శుక్ర, శనివారములు. నలుగురికి నాలుగు దినములు సరిపోయినవి. శనివారపు సెలవు ఆదివారముతో కలియును, సోమవారపుదియు అంతే. గనుక అందరును వానినే కోరుదురు. ఆ పోరు రాకుండుటకు నెలకొకసారి వంతులు మార్చవలెను. పెద్ద ఉద్యోగికి శాశ్వతముగా శనివారము, నౌకరునకు శాశ్వతముగా బుధవారము అని నిర్ణయించిన సంఘములో పని సాగదు, సణుగుడు సాగును.

ఈ పద్ధతి నిలుచుటకు రెండు కట్టుబాట్లు కావలెను. మొదటిది: ప్రతి పనియు ఇద్దరికి తెలిసియుండవలెను. నేను చదివిన మిషను పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు రానినాడు ప్రధానోపాధ్యాయుడు తరగతిని ఇంటికి పంపెడివాడు కాదు. రెండు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టి, ఒకరికి లెక్కలు, ఒకరికి చదువు చెప్పెడివాడు. ప్రతి ఉపాధ్యాయునికిని ప్రక్క తరగతి పాఠము తెలిసియుండవలెనని ఆయన నియమము. 2018నుండి దేశమంతటను సబ్సిడీ ఎరువులను యంత్రముపై రైతు వేలిముద్ర తీసికొని అమ్ముచున్నారు. ఆ యంత్రము గిడ్డంగి గుమాస్తా యొక్కనికే తెలిసినచో అతని సెలవే ఎరువుల సెలవగును. రెండవది: తాళపుచెవులు, నగదు చేతులు మారినప్పుడెల్లను పుస్తకములో వ్రాసి ఇద్దరును సంతకము చేయవలెను. స్నేహితుల నడుమ వ్రాత యేల యని సిగ్గుపడరాదు. వ్రాతయే స్నేహమును కాపాడును.

సంవత్సరమంతయు ఒకే తూకముతో సెలవు పంచుటయు రైతు సంఘమునకు తగదు. వారమునకొకటి చొప్పున ఏటికి 52 దినములు. మృగశిర వచ్చు జూను మొదలు సెప్టెంబరు వరకు ఒక్క దినమును తగ్గింపరాదు. పత్తియు, కందియు ఇంటికి వచ్చు అక్టోబరు మొదలు జనవరి వరకు, సుమారు 17 వారములు, ఒక్కొక్క ఉద్యోగికి వారమునకొకటి చొప్పున ఇచ్చిన 17 దినములు. ఫిబ్రవరి మొదలు మే వరకు, మరి 17 వారములు, వారమునకు రెండు చొప్పున 34. మొత్తము 51. లెక్క ఇంచుమించుగా సరిపోయినది. బావులు, బోర్ల క్రింద యాసంగి పెట్టిన రైతులకొరకు ఆ వేసవిలో సైతము ప్రతిదినము ఇద్దరైనను ఉండునట్లు చూడవలెను. మార్చినెలలో లెక్కల ముగింపు గనుక లెక్కల గుమాస్తా సెలవును ఏప్రిలు, మే నెలలకు జరుపవలెను. జీతపు తగ్గింపును మాత్రము పండ్రెండు నెలలకు సమముగా పంచవలెను; లేకున్న వేసవిలో ఆ కుటుంబములు ఒక్కసారిగా కృంగిపోవును.

ఒంటరి ఉద్యోగి సంగతి కష్టమైనది. దానిని దాచను. మన రాష్ట్రమున సుమారు 5,000 ఎకరములకొక క్లస్టరు చొప్పున, ఒక్కొక్క క్లస్టరునకు ఒక విస్తరణాధికారి. అతడు లేనినాడు తలుపు మూసినట్లే. ఇట్టిచోట ప్రక్కప్రక్క క్లస్టరులవారు జంటగా ఏర్పడి, ఒకని సెలవునాడు రెండవవాడు ఒకపూటయైనను అచ్చట కూర్చుండవలెను. ఆ పూట ఏదో గ్రామములలో చాటింపు వేయింపవలెను. వాట్సాపులో పంపుట యొక్కటే చాలదు, వృద్ధులకు చాటింపే తెలియును. నష్టపు దరఖాస్తు వచ్చినప్పుడు నిర్ణయము చేయు అధికారము ఆ వచ్చినవానికి లేకపోవచ్చును. కాగితము తీసికొని, తేదీ వేసి, రసీదు ఇచ్చుటకు అధికారము అందరికిని ఉండవలెను. రసీదు చేతనున్న రైతు ధైర్యముగా ఇల్లు చేరును.

ఇప్పుడు ఉద్యోగుల పక్షమున ఒకమాట చెప్పకున్న అన్యాయమగును. వారికిని పిల్లలున్నారు, అప్పులున్నారు అడుగువారు. జీతమునందు ఆరవ వంతు తగ్గుట చిన్న సంగతి కాదు. కోత తప్పనప్పుడు అది పైవానికి ఎక్కువగాను, క్రిందివానికి తక్కువగాను ఉండవలెను. 2020 మార్చి 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వమువారు జీతముల చెల్లింపును ఆపినప్పుడు ముఖ్యమంత్రి, మంత్రులు మొదలగువారికి 75 శాతము, అఖిల భారత సర్వీసులవారికి 60 శాతము, ఇతర ఉద్యోగులకు 50 శాతము, నాలుగవ తరగతివారికిని, ఒప్పంద ఉద్యోగులకును 10 శాతము చొప్పున తగ్గించిరి. ఆ మొత్తములు మంచివో కావో గాని మెట్లు కట్టిన పద్ధతి మాత్రము గ్రహింపదగినది. మరియు జీతమును వాయిదా వేయుట పొదుపు కాదని తెలిసికొనవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అదే కాలమున ఆపిన జీతములు, పింఛనులపై 6 శాతము వడ్డీ చెల్లింపవలెనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేడు చెల్లింపనిది రేపు వడ్డీతో చెల్లింపవలసి వచ్చును.

"ఒక దినము అందరును ఒకేసారి విశ్రమించినచో లెక్క సులభము, పర్యవేక్షణ సులభము గదా" అని కొందరు అడుగుదురు. నిజమే. పాలకవర్గమునకు సులభము. వంతుల పట్టీ వ్రాయుట, మార్చుట, తగవులు తీర్చుట శ్రమతో కూడిన పని. ఆ శ్రమ బల్లకు ఈవలనున్న మనము పడవలెనా, బల్లకు ఆవల ఎండలో నిలిచిన రైతు పడవలెనా అనునదియే ప్రశ్న. జీతము తీసికొనువాడు పడుటయే న్యాయమని నా తలంపు.

కావున సభ్యులకు నా మనవి. మీ సంఘమున గాని, మీ మండల కార్యాలయమున గాని వ్యయపు కోత ప్రసక్తి వచ్చినప్పుడు "ఏ దినము మూయుదురు" అని అడుగకుడు. ఆ ప్రశ్న అడిగిననాడే సగము ఓడిపోయినట్లు. "ఏ దినము ఎవరుందురు" అని అడుగుడు. ఆ పట్టీని మహాసభలో చదివింపుడు. అంగడినాడు, వానాకాలమున ఒక్కరికిని సెలవు లేదని తీర్మానము చేయింపుడు. ఆ పట్టీని పెద్ద అక్షరములతో వ్రాయించి తలుపుమీదనే అంటింపుడు. తెరచిన తలుపుమీద ఉండు ఆ కాగితము రైతునకు మేలు చేయును. మూసిన తలుపుమీద సుద్దముక్క వ్రాత ఏమి చేయునో నేను కన్నులార చూచితిని.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, పూడూరు